కత్తిరించిన నవ్వు

లుసాకా రేడియోలో సాయంత్రం ఆరు గంటలకి బెంబా భాషలో మాట్లాడే కపెంబ్వా గొంతు ఆ రోజుల్లో ఉత్తర రొడీషియాలో, అంటే ఇప్పటి జాంబియాలో, అందరికీ తెలుసు. మొహం తెలిసినవాళ్ళు మాత్రం ఏ వందమందో ఉంటారు. గుండ్రంగా, నీలంరంగులో, అచ్చం వంటగిన్నెలా ఉండే రేడియోలు ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఒక్కో గిన్నె చుట్టూ నలభైమంది కూర్చునేవాళ్ళు. మొదట్లో జనం దాన్ని నమ్మలేదు. వెనక్కి తిప్పి చూసి, లోపల ఎవణ్ణి కుక్కారని అడిగేవాళ్ళు. అందుకని కపెంబ్వా బూడిదరంగు వ్యాను వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఊరిపెద్ద మాటలు టేపు మీద పట్టి, అక్కడికక్కడే వినిపించి, "చూశారుగా, మీరేమన్నారో అదే అంది. ఈ పెట్టె అబద్ధమాడదు" అనేవాడు. ఆ మాట తనకే తెగ నచ్చేసి, రోజూ కార్యక్రమం చివర అదే చెప్పి సెలవు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు ఇంగ్లండులో రాజు పోయాడని పెట్టె చెప్పింది. రాజు నిజంగానే పోయాడు. దాంతో జనానికి గురి కుదిరిపోయింది. ఆ గురే తన పీకకు చుట్టుకుంటుందని పాపం మనవాడికేం తెలుసు.

బెంబావాళ్ళలో వంశానికో పేరుంటుంది. కపెంబ్వాది పుట్టగొడుగు వంశం. పుట్టగొడుగులకీ వానవంశం వాళ్ళకీ వేళాకోళపు చుట్టరికం. వాన కురిస్తేనే కదా పుట్టగొడుగు మొలిచేది, అందుకని వానవాళ్ళది ఎప్పుడూ పైచేయి. ఈ రెండు వంశాలవాళ్ళు ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే. ఎంత ఘోరంగా తిడితే అంత ప్రేమ. ఇంట్లో దూరి కోడినో కుండనో ఎత్తుకుపోయినా నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవాలి తప్ప పంచాయితీ పెట్టకూడదు. ఒకరు పోతే రెండోవాళ్ళే వచ్చి పాతిపెట్టాలి, ఏడ్చేవాళ్ళని నవ్వించి మరీ వెళ్ళాలి. ఒక వానమనిషి ఒక పుట్టగొడుగుని 'మీరు' అన్నదంటే మాత్రం ఇద్దరి మధ్యా ఏదో విరిగిపోయిందన్నమాటే.

ఉత్తరాన రెండురోజుల ప్రయాణంలో కబొండే అని ఒక ఊరుంది. అక్కడి మంత్రసాని మ్వెన్యా అవ్వ, వానవంశం. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళ పిల్లలు ఆమె చేతుల్లోకే పుట్టారు. కపెంబ్వా పాటలు పట్టుకోవడానికి ఆ ఊరు వెళ్ళినప్పుడు అవ్వ పాట పాడింది. పాట అయ్యాక మైకు చేతిలోంచి లాక్కుంది.

"వినండర్రా, కబొండే మ్వెన్యాని చెబుతున్నా. ఈ కపెంబ్వాగాడి తియ్యటి గొంతు చూసి మోసపోకండి. వీడు మనుషుల్ని తినే రకం. ఆ బూడిద బండిలో కుక్కి తీసుకుపోయి తెల్లోళ్ళకి అమ్ముకుంటాడు. నా మొగుణ్ణి తిన్నది కూడా వీడే. మీ పిల్లల్ని దాచుకోండి."

తినబడిన ఆ మొగుడు పక్కనే కూర్చుని, రెల్లుపుల్లతో రాగికల్లు పీలుస్తున్నాడు. నవ్వొచ్చి కల్లు ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరైపోయాడు. ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. లుసాకా తిరిగొచ్చాక కపెంబ్వా ఆ టేపు మళ్ళీ మళ్ళీ వేసుకుని నవ్వుకున్నాడు. ఇంత బాగుంటే పాటతో పాటు తిట్లు కూడా పెట్టేద్దాం అనుకున్నాడు. అయితే తర్వాత మొక్కజొన్న ధరలు చెప్పాలి, టైము చాలదు. అందుకని "పిల్లల్ని దాచుకోండి" అన్నచోట కత్తెర వేసి, ఆ తర్వాత ఉన్న నవ్వునంతా కోసి చెత్తబుట్టలో పడేశాడు. ఆ సాయంత్రం ఆరింటికి ఆ మాటలు దేశమంతా వింది. చివర్లో కపెంబ్వా తన గొంతుతోనే "ఈ పెట్టె అబద్ధమాడదు" అని సెలవు తీసుకున్నాడు.

ఎంత తెలివితక్కువ పనో చూడండి. కబొండేలో విన్నవాళ్ళకి వాళ్ళిద్దరి చుట్టరికం తెలుసు, పక్కనున్న మొగుడు కనిపిస్తున్నాడు. గని బస్తీల్లో, రైలు స్టేషన్లలో, పేరైనా వినని ఊళ్ళలో విన్నవాళ్ళకి అవేవీ లేవు. నవ్వు అంతకన్నా లేదు. పైగా ఆ ఏడే తెల్లవాళ్ళు మూడు దేశాల్ని కట్టగట్టి ఒకటి చేస్తామని పట్టుబట్టారు. దానికి ఒప్పుకునేలా మన మనుషుల్ని పట్టుకుపోయి రక్తం పీల్చి మొద్దుబార్చేస్తున్నారని పుకారు. ఆ పని చేసిపెట్టే నల్లవాళ్ళని బన్యామా అనేవాళ్ళు. బన్యామా ఎవరో ఎవరికీ తెలియదు, ఏ మొహమైనా అయ్యుండొచ్చు. అందుకే అంత భయం. ఇప్పుడు ఒకడి పేరు తెలిసిపోయింది.

నెల తిరిగేసరికి కపెంబ్వా ఉండే బస్తీలో కుళాయి దగ్గర మొదట తెలిసింది. అతని భార్య కాసుబా బిందె పట్టుకుని వెళ్తే వరసలో ఉన్న ఆడవాళ్ళంతా నోరెత్తకుండా పక్కకి తప్పుకున్నారు. పోనీలే, కడుపుతో ఉందని దారి ఇచ్చారేమో అనుకుంది అమాయకురాలు. ఆమె తాకిన కుళాయిని వాళ్ళు బూడిదతో తోమడం చూశాక గబగబా ఇల్లు చేరింది. ఆ తర్వాత కూరలమ్మే మనిషి వాళ్ళ గుమ్మం దగ్గర కేక వెయ్యడం మానేసింది. ఒకరోజు తలుపు మీద సుద్దతో మనిషి బొమ్మ గీసి, దాని మెడ దగ్గర ఎర్రమట్టి పూసి వెళ్ళారు.

కపెంబ్వా మైకు ముందు కూర్చుని, అది వేళాకోళమనీ తాను బన్యామా కాననీ పావుగంట సేపు చెప్పుకున్నాడు. వారంలో నూటపాతిక ఉత్తరాలొచ్చాయి. "దొంగ కానివాడు దొంగని కానని ఎందుకు అరుస్తాడయ్యా?" అని ఒకడు రాశాడు. "ఆ ముసలమ్మ ఏమైంది? బతికే ఉందా?" అని ఇంకొకడు. కాసుబా వాళ్ళన్న గని బస్తీ నుంచి చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఒక్కటే ముక్క ఉంది. వాణ్ణి వదిలేసి వచ్చెయ్, లేదంటే మాకు చెల్లెలు లేదనుకుంటాం.

అసలు గండం వేరే ఉంది. కాసుబాకి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు ఆసుపత్రిలో, బిడ్డ దక్కలేదు. ఈసారి ఆసుపత్రి మాట ఎత్తితే చాలు, గోడకి అతుక్కుపోయేది. బస్తీలో మంత్రసానులు నలుగురున్నారు. కపెంబ్వా నలుగురి గుమ్మాలూ ఎక్కాడు. ముగ్గురు తలుపు తియ్యలేదు. నాలుగోది తలుపు సందులోంచి, "బాబూ, నాకూ పిల్లలున్నారు. నన్ను అడగొద్దు" అని ఏడ్చింది.

"ఆ ముసలమ్మనే తీసుకొస్తాను" అన్నాడు కపెంబ్వా భార్యతో. "తనే పురుడు పోస్తుంది. తన నోటితోనే అది వేళాకోళమని టేపులో చెప్తుంది. వానమనిషి, నన్ను కాదంటుందా?"

"రానూపోనూ నాలుగు రోజులు. ఈలోపు నొప్పులొస్తే?"

"రావు."

"నువ్వు చెప్తే ఆగుతాయా అవి?" అంది కాసుబా. తర్వాత, "నువ్వు వెళ్ళాక లోపల గడియ వేసుకుంటాను" అంది.

డ్రమ్ము నిండా నీళ్ళు పట్టి, మంచం పక్కన బొగ్గులు పోసి, కపెంబ్వా బయల్దేరాడు. వ్యాను తలుపు మీద రేడియో పేరు కనిపించకుండా డ్రైవరు సియామె బురద మెత్తాడు. దారి పొడుగునా బండి చప్పుడుకి పొలాల్లో పనిచేసేవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పొదల్లోకి పరుగెత్తడం కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు ఇదే బండి వెనక పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తేవాళ్ళు. కపెంబ్వా కిటికీ అద్దం ఎత్తేసి తల దించుకుని కూర్చున్నాడు.

కబొండేలో ఒక్క పిట్ట కూడా బయట లేదు. రోళ్ళు సగం దంచిన రాగులతో అలాగే పడున్నాయి. కపెంబ్వా మ్వెన్యా అవ్వ వాకిట్లో నిలబడి, గొంతు పెద్దది చేసి, "ఏమే ముసలి వానా, చచ్చావా బతికున్నావా?" అన్నాడు.

తలుపు వెనక నుంచి నెమ్మదిగా జవాబొచ్చింది. "మీరా అయ్యా. దయచేసి మా ఊరి నుంచి వెళ్ళిపోండి. మేం మీకు ఏ అపకారమూ చెయ్యలేదు."

మీరు అంది. అయ్యా అంది. బస్తీ అంతా కలిసి రాళ్ళు రువ్వినా కపెంబ్వాకి ఇంత భయం వేసేది కాదు.

"అవ్వా, ఇదేంటి, తిట్టింది నువ్వేగా. వేళాకోళానికేగా అన్నావు?"

"నేను వేళాకోళానికే అన్నానయ్యా. పెట్టె కూడా అదే మాట అంది. నా గొంతుతోనే అంది. పెట్టె వేళాకోళాలాడదు కదా, అబద్ధమాడదని మీరే చెప్పారు. అది అన్న పన్నెండో రోజుకి మా ఆయన పోయాడు. మీరు తిన్నారని నేనన్నాను, పోయాడు."

"ఆయన పోయాడా? అవ్వా, నాకు తెలియదే. ఎలా పోయాడు?"

"జ్వరం అన్నారు. జ్వరం ఎవరు పంపారో నాకేం తెలుసయ్యా. వెళ్ళిపోండి."

కపెంబ్వా వాకిట్లో చతికిలబడ్డాడు. కాసుబా సంగతి చెప్పాడు, నలుగురు మంత్రసానుల సంగతి చెప్పాడు, మొదటి బిడ్డ సంగతి చెప్పాడు. తలుపు తెరుచుకోలేదు. గుడిసెల సందుల్లో మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. చేతుల్లో గొడ్డళ్ళున్నాయి. పోయినసారి ఇదే వాకిట్లో తనకి కల్లు పోసినవాళ్ళే వాళ్ళు. వ్యానులోంచి సియామె, "అన్నా, వచ్చెయ్, నీకు దణ్ణం పెడతా" అని పిలిచాడు.

లేవబోతూ కపెంబ్వా చూశాడు. వాకిలి చివర కోళ్ళగూడు ఉంది, అందులో బలిసిన ఎర్రపెట్ట ఒకటుంది. ఏమనుకున్నాడో ఏమో, వెనకనున్న గొడ్డళ్ళ సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాడో, తిన్నగా వెళ్ళి గూడులో చెయ్యిపెట్టి ఆ పెట్టని కాళ్ళు పట్టి లాగాడు. అది రెక్కలు కొట్టుకుంటూ ఊరంతా వినేలా గోల పెట్టింది. పెట్టని చంకలో ఇరికించుకుని బండివైపు నడిచాడు. వీపు మీద దెబ్బ ఏ క్షణమైనా పడొచ్చు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఒరేయ్ దొంగ పుట్టగొడుగు వెధవా, వదలరా దాన్ని. అది గుడ్లు పెడుతున్న పెట్టరా, కుళ్ళినోడా. నీ నోట్లో పురుగులు పడ."

ఆ తిట్టు వినగానే కపెంబ్వా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవ్వ అలాగే నోరు తెరుచుకుని నిలబడిపోయింది. యాభై ఏళ్ళుగా ప్రతి పుట్టగొడుగునీ తిట్టిన నోరు, భయానికన్నా ముందే తెరుచుకుంది. గొడ్డళ్ళవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కోళ్ళదొంగ" అంది అవ్వ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "మనుషుల్ని తినేవాడికి కోడెందుకు? మా ఆయనకి ప్రతి వానాకాలం ఆ జ్వరం వస్తూనే ఉండేది. నాకు తెలియకేం. అయినా ఆ పెట్టెలో నా గొంతే నన్ను భయపెట్టేసిందిరా." గుమ్మంలో కూర్చుని మొగుడి కోసం మళ్ళీ ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, తన మూట సర్దుకుంది. "పురుడు పోస్తాను. ఆ పెట్టె ముందు మాత్రం మళ్ళీ నోరు విప్పను. చంపినా విప్పను. దాన్ని నా వైపు తిప్పావో, దారిలోనే దిగిపోతా."

టేపులో ఆమె మాట పడితే తప్ప తన పేరు బాగుపడదని కపెంబ్వాకి తెలుసు. అయినా కాసుబా మొహం తలుచుకుని, సరేనన్నాడు.

తిరుగుదారిలో రెండోనాడు పొద్దున ఒక ఊరి దగ్గర రోడ్డుకడ్డంగా చెట్టు కొట్టి పడేసుంది. ఇరవైమంది బండి చుట్టూ మూగారు. ఒకడు అద్దంలోంచి లోపలికి తొంగిచూసి, "ముసల్దాన్ని పట్టుకొస్తున్నారు రోయ్" అన్నాడు. ఈటె మొన అద్దానికి ఆనింది. కపెంబ్వా అవ్వ వైపు చూశాడు. ఆ నోటి సంగతి అతనికి తెలుసు. వీడు నన్ను తినడానికే తీసుకుపోతున్నాడు అని ఒక్క ముక్క అందా, తనవీ సియామెవీ ప్రాణాలు అక్కడే పోతాయి. అవ్వ పెదవులు కదిలాయి. కపెంబ్వా కళ్ళు మూసుకున్నాడు.

"ఎవర్రా మీరు, దారి తియ్యండి. వీడు నా కొడుకు. కోడలికి నొప్పులొస్తున్నాయి. ఆలస్యమైతే ఆ పాపం మీకు చుట్టుకుంటుంది" అంది అవ్వ.

చెట్టు పక్కకి లాగారు. మైలు దూరం పోయాక అవ్వ, "కొడుకన్నానురా నిన్ను. మా వంశం పరువు తీశాను" అంది.

ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. తలుపు కొడితే తీసే దిక్కులేదు. కిటికీ పగలగొట్టి దూకాడు. కాసుబా నేలమీద, మంచం కోడు పట్టుకుని, అరుపు బయటికి వినబడకుండా నోట్లో గుడ్డ కుక్కుకుని ఉంది. అరిస్తే జనం విని, మనిషిని కోస్తున్నారని మీదికొస్తారని ఆమె భయం. పొద్దుటి నుంచీ అలాగే ఉందట. అవ్వ ఆ గుడ్డ నోట్లోంచి లాగి పారేసి, "అరవ్వే తల్లీ. పురిటి అరుపుని ఎవడాపుతాడో చూస్తా" అని, కపెంబ్వాని బయటికి గెంటింది. కంచె అవతల ఆడవాళ్ళు గుంపుగా చేరి చూస్తున్నారు. కపెంబ్వా వాళ్ళవైపు వీపు పెట్టి గుమ్మంలో కూర్చున్నాడు. లోపలి అరుపులు ఒకసారి ఆగిపోయాయి.

తర్వాత బిడ్డ ఏడుపు వినిపించింది. అవ్వ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అలసటంతా ఒక్కసారి తిట్లయి బయటికొచ్చింది.

"ఆడపిల్లరా తిండిపోతా. అదృష్టం బాగుండి నీ మొహం రాలేదు. మనుషుల్ని తినే వెధవా, దీన్నైనా తినకుండా వదిలిపెట్టు. నీళ్ళేవిరా, నిలబడి చూస్తావే?"

కంచె అవతల గుంపు వెనక్కి జరిగింది. ఇన్నాళ్ళూ ఈ తిట్టు వల్లే ప్రాణాల మీదికి వచ్చింది. ఇప్పుడు ఇదే తిట్టు అందరి ఎదుటా పడింది. ఇక ఇంటికి నిప్పు పెడతారనే అనుకున్నాడు కపెంబ్వా.

గుంపులోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కింటి ముటింటక్క, టోంగా తెగ మనిషి. పెద్ద నోరు, పెద్ద ఒళ్ళు. "అదా సంగతి" అంది. "మా ఊళ్ళోనూ ఇంతే. మా వేళాకోళపు చుట్టాలు నన్ను హంతకురాలనే పిలుస్తారు. ఆ ముసలమ్మ మొహం చూడండర్రా, నవ్వాపుకోలేక ఎలా అవుతోందో." నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని తిన్నగా గుమ్మంలోకి వచ్చేసింది. వస్తూ కపెంబ్వాతో, "ఈ ముసలమ్మ మొహం రేడియోలో కనబడలేదు కదయ్యా. కనీసం నవ్వైనా వినిపించొద్దూ?" అంది.

"కత్తిరించేశానక్కా" అన్నాడు కపెంబ్వా. "టైము చాల్లేదు."

ముటింటక్క వచ్చింది గానీ, మిగిలినవాళ్ళు రాలేదు. కొందరు తర్వాతి ఏళ్ళల్లో మాట్లాడారు, కొందరు అసలు మాట్లాడనేలేదు. కపెంబ్వా మైకు ముందు మళ్ళీ కూర్చోలేదు. టేపుల గదిలో టేపులు సర్దే పని అడిగి తీసుకున్నాడు. ఎవరైనా కత్తెర తీసుకుంటే వెనకే నిలబడి, "ఆ నవ్వు ఉంచండి" అని విసిగించేవాడు. ఆరింటికి ఇంకో గొంతు వచ్చింది. రేడియోలు ఇంటింటికీ వచ్చాయి. నలభైమంది చుట్టూ కూర్చోవడం పోయింది. ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా వినడం మొదలైంది. అవ్వ పోయినప్పుడు కపెంబ్వాయే వెళ్ళి, తిట్టి, నవ్వించి, పాతిపెట్టి వచ్చాడు.

బిడ్డకి మ్వెన్యా అనే పేరు పెట్టారు. దానికి ఆరేళ్ళొచ్చాయి. ఒక మధ్యాహ్నం బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, గుమ్మంలో వేరుశనక్కాయలు ఒలుస్తున్న తండ్రి ఒళ్ళోకి ఒక్క దూకు దూకింది. గుండె ఎగిసిపడుతోంది.

"ఏమైందే?"

"నాన్నా, మన వీధిలో మనుషుల్ని తినేవాడు ఉన్నాడంట. మా బళ్ళో పిల్లలంతా అన్నారు. పూర్వం ఒక అవ్వ రేడియోలో చెప్పిందంట, వాడు ఆవిడ మొగుణ్ణి తిన్నాడని. నిజమేనంట, రేడియో అబద్ధం చెప్పదంట."

కపెంబ్వా చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. "వాడి పేరు చెప్పారా?" అన్నాడు.

"పేరు చెప్తే వస్తాడంట. ఎవరూ చెప్పరు." పిల్ల వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు వాణ్ణి చూశావా నాన్నా?"

వంటింట్లోంచి కాసుబా గరిటె చప్పుడు ఆగిపోయింది.

"వాడొస్తే నన్ను ఇవ్వకు నాన్నా" అంది పిల్ల. రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి, మొహం అతని భుజంలో దాచుకుని, గట్టిగా పట్టుకుంది.